గంజి పెట్టిన నూలు

ఆ రోజు ఇంట్లో అవ్వ సుంకులమ్మ ఉంది, అమ్మ మహాదేవి ఉంది, నాయన చిన్న ఈరన్న ఉన్నాడు, ట్రాక్టరు తీసుకొచ్చిన మేనమామ ఉమామహేశ్ ఉన్నాడు, వాకిట్లో ఇటుకలు పేర్చిన రెండు దిమ్మెల మీద నాయన చేసిన పడవ ఉంది. భువన కూడా ఉంది గాని, ఆ మూడు రోజులూ ఆమెను ఇంట్లో మనిషి కింద ఎవరూ జమకట్టరు. వాకిలి పక్కనున్న నూలు గదిలో, గడపకు లోపల, కింద పరిచిన చాప మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. నూలు గదిలో ఇప్పుడు నూలు లేదు. మగ్గం ఆగిపోయాక ఆ గదికి మిగిలిన పని ఇదొక్కటే, నెలకోసారి భువనను దాచడం. వీధిలో మిగతా ఆడపిల్లలు ఈ రోజుల్లో బడికి పోతున్నారు, పొయ్యి కూడా ముట్టిస్తున్నారు, అడిగేవాళ్ళు లేరు. ఈ ఇంట్లో మాత్రం అవ్వ ఉంది. నిన్న పొద్దున అవ్వే ముఖం చూసి కనిపెట్టి, “మ్మే, పక్కకు జరుగు. రేపు పడవ కదిలే పొద్దు, నీకు ఇప్పుడే రావల్నా?” అంది, అదేదో భువన చేతిలో పని అయినట్టు. భువనకు సిగ్గేసింది. తప్పు చేసినట్టు కూడా అనిపించింది, ఏం తప్పో తెలియలేదు.

తలుపు సగం తెరిచి ఉంది. నేల మీద కూర్చున్న మనిషికి ఆ సందులోంచి కనిపించేవి కాళ్ళే. నాయన కాళ్ళు, మడమలు పగిలి, ఏళ్ళ తరబడి మగ్గం గుంటలో కూర్చుని తొక్కీ తొక్కీ బొటనవేళ్ళు బయటికి తిరిగిపోయినవి. మామ కాళ్ళకు నీలం రబ్బరు చెప్పులు. అవ్వ కాళ్ళు ఒకచోట నిలవవు, పసుపు గిన్నె కోసం లోపలికి, మామిడాకుల కోసం బయటికి. అమ్మ కాళ్ళు మాత్రం పడవ పక్కన కదలకుండా ఉన్నాయి, ఈ రోజు వాటికి పసుపు రాసుంది, మెట్టెలు తళతళమంటున్నాయి. మాటలు పైన ఎక్కడో మాట్లాడుకుంటే కిందికి జారి వస్తున్నట్టున్నాయి. “బావా, నందికొట్కూరులో దుడ్లున్నోడు లారీ కొంటాడు, బోరు ఏయిస్తాడు. నువ్వొకడివి, పడవ జేసి కూసున్యావు,” అంటున్నాడు మామ. “అందురూ జేసేదే నేనూ జేస్తే, సూడనీకి నువ్వెందుకొస్తావప్పా?” అన్నాడు నాయన. నవ్వాడు. నాయన నవ్వు విని భువన గడప వైపు కొంచెం జరిగింది. ఆ నవ్వు మగ్గం ఆగాక మళ్ళీ వినింది ఈ పడవ మొదలయ్యాకే, ఇప్పుడు తను నోరు తెరిస్తే అది పోతుంది, తెరవకపోతే ఇంకేం పోతుందో. లేదా ఏమీ పోదేమో. ఏదీ తేలడం లేదు.

అంతా పొద్దున బక్కెట్లో మొదలైంది. ఈ మూడు రోజులు పడుకున్న దుప్పటి ఏ రోజుకారోజు తనే ఉతుక్కోవాలి, ఇంకొకరు ముట్టకూడదు. నిన్న అవ్వ ఇచ్చిన దుప్పటి మగ్గం మీద నుంచి దిగిన ఆఖరి గుడ్డ, ఎవరూ కొనక పెట్టెలో మడతపెట్టి ఉండిపోయింది. కొత్తగుడ్డ, కాగితంలా పెళపెళలాడింది, రాత్రంతా పక్క తిప్పినప్పుడల్లా చప్పుడు చేసింది. పొద్దున పెరట్లో బక్కెట్లో నానేస్తే నీళ్ళు తెల్లగా తిరిగాయి, అన్నం వార్చిన గంజి లాగా, వాసన కూడా అదే. పిండి పైకి తీస్తే గుడ్డ చేతిలో చచ్చిన కోడిలా వేలాడింది. ఎండకు పట్టి చూస్తే పోగుకూ పోగుకూ మధ్య సందులు, చిటికెన వేలు కొంచెం నొక్కితే పోగులు పక్కకు జరిగి వేలు దూరిపోయింది. ఇందులో వింత లేదు, నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు, మొదటి ఉతుకుకు గంజి పోతుంది, గుడ్డ బక్కపడుతుంది. భువనకూ తెలుసు. తెలిసిన సంగతినే చూస్తూ వేలు అలాగే గుడ్డలో ఉంచి నిలబడిపోయింది, ఎందుకు నిలబడిందో ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పడవ చెక్కల సందుల్లో కూరిన నూలు. అవ్వ గంజి పెట్టిన నూలు.

కాని అది ఎక్కడ కూరారు? పైన గదా. పైవరసలో గదా. లేక కిందా? ఇదే అప్పటినుంచీ ఇప్పటిదాకా తెగడం లేదు. ఒకదాని వెనక ఒకటి పెట్టి గుర్తు చేసుకుందామంటే రోజులన్నీ చిక్కుపడిన నూలులా ఉన్నాయి, ఒక పోగు లాగితే ఇంకేదో వస్తోంది. ముందు పుట్టి వస్తోంది, నీళ్ళు దాటించే వెదురు పడవ. పోయిన ఏడాది శ్రీశైలం నీళ్ళు వెనక్కి ఎక్కివచ్చి పొలాల అంచులు ముంచినప్పుడు, ఆవలి గట్టున మిరపకాయలు కోయడానికి ఆడవాళ్ళంతా ఒకే పుట్టిలో పోయేవాళ్ళు, గుండ్రటి బుట్టలో బెండకాయలు నిలబెట్టినట్టు. ఒక సాయంత్రం గాలి లేచి పుట్టి గిరగిరా తిరిగింది, ఒక పక్కకు ఒరిగింది. ఎవరూ చావలేదు. మిగతా ఆడవాళ్ళు వీధిలో ఆ ముచ్చట చెప్పుకుని పగలబడి నవ్వారు, “మహదేవి నన్ను పట్టుకోని రైక చించింది సూడు” అని ఒకామె చూపించింది. అమ్మ నవ్వలేదు. ఆ రాత్రి భువన పక్కన పడుకుని భువన మణికట్టు పట్టుకుంది, నిద్రలో కూడా వదలలేదు, తెల్లారేసరికి అక్కడ ఎర్రగా గాజు వేసినట్టు గుర్తు పడింది. అమ్మకు ఈత రాదు. నాయనకూ రాదు. ఈ ఊళ్ళో నీళ్ళు చూసి పెరిగినవాళ్ళు ఎవరున్నారు, ఎండాకాలం బిందెలు వరసలో పెట్టి పెరిగినవాళ్ళే అందరూ.

నాలుగు రోజులకో, నెలకో, నాయన ఫోన్లో ఒక వీడియోలో ఒక తాత కనిపించాడు. తెల్ల గడ్డం తాత, తెల్ల దేశం, ఇంటి వెనక కొట్టంలో ఒక్కడే చెక్కలు కోసి పడవ చేసుకుంటాడు. భాష తెలియదు కాబట్టి నాయన శబ్దం తీసేసి చూసేవాడు. మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చుని చూసేవాడు, ఆపేవాడు, వెనక్కి తిప్పేవాడు, మళ్ళీ చూసేవాడు. తర్వాత మగ్గం విప్పాడు. అవ్వ ఆ రోజు అన్నం తినలేదు. మగ్గం గుంజలు పడవకు లోపలి పక్కటెముకలయ్యాయి, కోతమిషను నుంచి వేపచెక్కలు వచ్చాయి, పడవ మగ్గం గదిలోనే, సరిగ్గా గుంట మీదే లేచింది. వీధిలో మాటలు భువనకు బడికి పోయే దారంతా వినిపించేవి. “ఏమప్పా ఈరన్నా, సంతకు పడవలో వస్తావంటనే?” “పడవకు టైర్లు ఎప్పుడేస్తావు?” నాయన అందరికీ ఒకటే చెప్పేవాడు, “పనిల్యాక సేస్తాండానప్పా, ఊరికే.” అమ్మ కోసమని ఒక్కరికీ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదు. చెక్క నునుపు చేస్తూ ఒకరోజు మాత్రం ఎవరూ లేరనుకుని, “ఇది తిరగదు, ఇది నిలకడ,” అన్నాడు. భువన తలుపు వెనక ఉంది. ఎప్పుడూ తలుపు వెనకే ఉంటుంది గదా.

ఆ తాత పడవ అంతా అయ్యాక చివర్లో ఒక గొట్టం తెచ్చి పడవ నిండా నీళ్ళు పోస్తాడు. నాయనకు అది అర్థం కాలేదు. అడుగున బండ మీద తడి మరకలు చూపిస్తాడు తాత, వేలితో ఒకచోట గీస్తాడు, తల ఊపుతాడు. “ఆ తాతకు నీళ్ళెక్కువైనట్టుండాయి,” అన్నాడు నాయన. అమ్మ అటు తిరిగి చూసి, “కుళాయి ఎప్పుడొస్తాదో తెల్దు, తాగేదానికి ల్యాక మేము సస్తాంటే కొయ్యకు తాపల్నా?” అంది. అందరూ నవ్వారు, భువన కూడా నవ్వింది. ఇప్పుడు గుర్తొస్తే నవ్వు రావడం లేదు. ఆ మరకలు, ఆ వేలు. నీళ్ళు బయటినుంచి లోపలికి వచ్చే దారి ఏదో, లోపలినుంచి బయటికి పోసి చూశాడా తాత? అంతేనా? అంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదా, లేక తనే ఏదో తప్పుగా అల్లుకుంటోందా? తొమ్మిది చదివి పది చదువుతున్న పిల్లకు తెలిసింది నాయనకు తెలియకుండా ఉంటుందా?

అవ్వ నూలు సంగతి. ఇది మాత్రం బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు వీధి వీధంతా గంజి వాసన వచ్చింది. సందుల్లో కూరడానికి నాయన పచ్చినూలు తెచ్చాడు, దాన్ని పురిపెట్టి నూనెలో ముంచి కూరి, పైన గుగ్గిలం కాచి పూయాలి. అందులో సగం కట్ట అవ్వ రాత్రికి రాత్రి తీసి జొన్నగంజిలో నానబెట్టింది. గంజి తాగని పోగుకు సత్తువ యాడిది, రెండు రోజులకే చీకిపోదూ అని అవ్వ నమ్మకం. తన అత్త దగ్గర నేర్చుకున్న పని, తన చేతుల మీదుగా ఊరందరి పడుగు పోగులకూ గంజి తాగించిన మనిషి. తెల్లారి వీధిలో కొయ్యలు నాటి, నూలు బారుగా కట్టి, కుంచె పట్టుకుని ఇటు నుంచి అటు దువ్వుతూ నడిచింది. నడుము వంగిన మనిషి ఆ పొద్దు నిటారుగా నడిచింది. “ఏం సుంకులమ్మా, మగ్గం మళ్ళా ఎత్తినారా?” అని అడిగిన ప్రతివాళ్ళకూ, “మగ్గమే గాదు, ఇది ఇంగా పెద్దది,” అని చెప్పింది. నాయన వచ్చి చూశాడు. ఏదో అనబోయి అవ్వ ముఖం చూశాడు. తర్వాత ఆ నూలును పైవరసకు కూరాడు, అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, అవ్వ అందిస్తుంటే. అది భువన కళ్ళారా చూసింది. పైవరసకు నీళ్ళు తగలవు, పడవ అంత లోతుకు మునగదు. అక్కడ గంజి ఉంటే ఏం, లేకుంటే ఏం. ఇక్కడిదాకా వచ్చేసరికి గుండె కాస్త నెమ్మదిస్తుంది. ఇక్కడితో ఆపేస్తే బాగుండును.

ఆగదు. ఎందుకంటే మగ్గం గుంట ఉంది, వాకిట్లోకి మోయకముందు పడవ దాని మీదే ఉండేది. పడవ అడుగు చెక్కలకు కిందినుంచి నూలు కూరింది భువనే. గుంటలో దిగి నిలబడితే పడవ అడుగు సరిగ్గా తల మీదికి వస్తుంది, నాయన నిలబడడానికి చాలదు, వంగడానికి చాలదు, భువనకైతే అతికినట్టు సరిపోయింది. రోజూ బడి నుంచి వచ్చి దిగేది. ఆ చీకట్లో, పైన పడవ, చుట్టూ మట్టి, ఎవరూ మాట్లాడించరు, ఎవరికీ జవాబు చెప్పనక్కర లేదు, మొండి ఉలి పెట్టి సుత్తితో టకటకమని కూరుతూ పోవడమే. ఆమెకు అంత ఇష్టమైన పని ఇంకొకటి దొరకలేదు. నూలు అయిపోతే చేయి పైకి చాపేది, పైనుంచి ఎవరో ఒకరు అందించేవాళ్ళు. ఎవరు? చాలాసార్లు అమ్మ. అమ్మ చేయి వస్తే గాజులు చప్పుడవుతాయి. అవ్వ చేతికి గాజులు లేవు. చివరి రోజు, చివరి మూర, వెనక పక్క అమ్మ కూర్చునే పీట వేసిన చోటికి సరిగ్గా కింద, అక్కడ నూలు చాలక చేయి చాపింది. చేయి వచ్చింది. గాజులు మోగాయా? మోగినట్టుంది. లేదు, అది అంతకు ముందు రోజు, ఆ రోజు అమ్మ పత్తికి పోయింది గదా. పోయిందా? పోకపోతే సాయంత్రం సంగటి అవ్వ ఎందుకు కెలికింది? లేక సంగటి కెలికింది ఇంకొక రోజా? “ఇందామ్మే, గట్టిది,” అన్న మాట వినిపించింది. ఆ మాట అవ్వదేనా, ఇప్పుడు తను అవ్వ గొంతు పెట్టుకుని వింటోందా? ఒకటి మాత్రం వేళ్ళకు గుర్తుంది. ఆ చివరి మూర నూలు చేతికి మెత్తగా లేదు. నూనె నూలు జారుతుంది, విడిపోతుంది, ఉలి కింద ముద్దవుతుంది, దానితో రోజూ వేగేది. అది మాత్రం తీగలా నిటారుగా నిలబడి, ఎక్కడ పెడితే అక్కడికి సులభంగా దిగిపోయింది. పని తొందరగా అయిపోయిందని సంతోషపడింది కూడా.

లేదా సంతోషపడింది వేరే దేనికో.

బయట టెంకాయ నీళ్ళు కారిన చప్పుడు, అగరువత్తి పొగ తలుపు సందులోంచి సన్నగా వచ్చింది. అవ్వ కాళ్ళు దగ్గరగా వచ్చాయి. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. భువన నోట్లో మాట ముందుకొచ్చి పళ్ళ దగ్గర ఆగింది. అక్కడ ఆగిన మాటలు ఆమె దగ్గర శానా ఉన్నాయి. ఒకసారి నందికొట్కూరు నుంచి బస్సులో వస్తూ తమ ఊరు రావడం చూసింది, లేచి నిలబడింది, “ఆపండి” అనాలి, అంతే, ఒక్క మాట. కండక్టరు అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆయన తిరిగాక అందామనుకుంది, తిరగలేదు, ఊరు పోయింది, బడి పోయింది, పొలాలు పోయాయి. పక్క ఊరిలో ఇంకెవరో దిగుతుంటే వాళ్ళ వెనకే దిగి, వాళ్ళ ఊరికే వచ్చినట్టు కాసేపు నటించి, ఎండలో తిరిగి నడుచుకుంటూ వచ్చింది. ఇంట్లో అడిగితే బస్సు ఆలస్యమని చెప్పింది. కాని బస్సుకైతే వెనక్కి నడవడం ఉంది.

“అవ్వా,” అంది.

“ఏం మ్మే? ముందరికి రావొద్దు, పూజ జరుగుతాంది.”

“పడవలో… ఒకసారి నీళ్ళు పోసి సూడగూడదా?”

“నీళ్ళా?” అవ్వ కాళ్ళు గడప దగ్గర నిలబడిపోయాయి. “ఎల్లుండి నీ తలకు పోసేదానికి బిందెడు యాడ తేవల్నో అని నాకు నిద్ర ల్యాదు. పడవకు తలంటు పోయల్నంట ఈమె! గడపలోపల కూసోని పడవ మాట ఎత్తొద్దు, తల్లీ, మంచిది గాదు.” కాళ్ళు పోయాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు, “మా తల్లి గదా. నీకు బొరుగులు, బెల్లం పక్కన పెట్టినా. నేను గూడా కూరినా గదా ఆ పడవకు, ఏం గాదు,” అంది. భువనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ మాట తర్వాత ఇంక అవ్వతో ఏం చెప్పాలి, నీ నూలు నీళ్ళకు కరిగిపోతుందనా, నువ్వు ఆ పొద్దు నిటారుగా నడిచింది దీనికేనా అని అడగాలా?

తల మోకాళ్ళ మీద పెట్టుకుంది. పొత్తికడుపులో నొప్పి లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తోంది, గాలికి తిరిగే పుట్టిలాగా. తల పక్కకు వాల్చేసరికి చూపు ఇంకా కిందికి దిగి, పడవ అడుగు, దిమ్మెలు, వాటి కింద నేల కనిపించాయి. నేల మీద ఒక నల్లటి గీత. ఎవరో బొగ్గుతో గీసినట్టుంది. ఆ గీత కదులుతోంది. చీమలు. పూజకు పెట్టిన బెల్లం దగ్గరికేమో అనుకుంది, బెల్లం అటు ఉంది, ఇవి ఇటు పోతున్నాయి. పైవరసకు పోతున్నాయి, అవ్వ గంజికి, అంతే గదా అనుకుంది, అనుకుని కళ్ళతో వాటి వెంట పోయింది. చీమలు దిమ్మె ఎక్కాయి, ఇటుకకూ ఇటుకకూ మధ్య దూరి బయటికి వచ్చాయి, చెక్క మీదికి ఎక్కాయి. పక్క చెక్క మీదికి ఎక్కితే పైవరస. ఎక్కండి, పైకి ఎక్కండి, అని భువన లోపల వేడుకుంది, చీమలను. అవి ఎక్కలేదు. అడుగు చెక్క వెంటే వెనక పక్కకు నడిచాయి, గుగ్గిలం పూత బీటిచ్చిన చోట ఒకటొకటిగా లోపలికి పోయాయి. కొన్ని లోపలినుంచి తెల్లటి నలుసులు నోట పట్టుకుని బయటికి వస్తున్నాయి. జొన్నపిండి. సరిగ్గా చివరి మూర. పీట కింద.

నిలబడి ఉన్నవాళ్ళెవరికీ అది కనిపించదు. ఈ ఇంట్లో నేల మీద ముఖం పెట్టి కూర్చున్న మనిషి తనొక్కతే.

ఇప్పుడు తికమక పోవాలి గదా, తెలిసిపోయింది గదా. పోలేదు, ఇంకో రకంగా తిరిగింది. గాజుల చప్పుడు లేదు, అవును, లేదు. అయితే ఏమవుతుంది? గంజి కరిగితే నూలు వదులవుతుంది, గుడ్డలో వేలు దూరినట్టు నీళ్ళు దూరుతాయి, ఎంత సేపటికి? గట్టు దగ్గరేనా, నడుమనా? నడుమ ఎంత లోతు? అక్కడ మునిగిపోయిన ఊరి బావి కూడా ఉందంటారు. అమ్మ ముందు పట్టించుకోదు, పాదాలు తడిస్తే అల అనుకుంటుంది, భయం బయటికి కనిపించనివ్వదు, గట్టు మీద వీధంతా నిలబడి ఉంటుంది, పుట్టి తిరిగిందని నవ్విన ఆడవాళ్ళంతా. నాయనకు అటు తిరిగి తెడ్డు వేస్తుంటే వెనక ఏమవుతోందో తెలియదు. లేకపోతే ఏమీ కాదేమో, గుగ్గిలం పట్టుకుంటుందేమో, ఆవలి గట్టుకు పోయి ఈవలికి వచ్చేస్తారేమో, అప్పుడు తను అరిచి గోల చేసి, పడవ దించనివ్వకుండా చేసి, నాయనను వీధిలో తల దించుకునేలా చేసినట్టే గదా? బయటున్న పిల్ల అరిచింది కాబట్టే అపశకునమైందని జన్మంతా అంటారు గదా? కాని అమ్మ. కాని నాయన నవ్వు. కాని అమ్మ. లేచి వాకిట్లోకి పరిగెత్తి ఆ చోటు మీద వేలు పెట్టి చూపిస్తే? ముట్టుకుంటే పూజ చేసిన పడవ మైలపడుతుంది, కడగాలంటారు, కడగడానికి నీళ్ళు పోస్తారు, నీళ్ళు పోస్తే బయటపడుతుంది! ఈ ఆలోచనకు భువన లేచి నిలబడింది కూడా. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, గోడ పట్టుకుంది.

“ఎత్తుదామా బావా? ఎండ ముదరక ముందే దించితే మంచిది,” అన్నాడు మామ. వీధి మగవాళ్ళు నలుగురు లోపలికి వచ్చారు, వాకిలి కాళ్ళతో నిండింది. నలుగురు మగవాళ్ళ ముందుకు, ఈ బట్టలతో, ఈ రోజు. గోడ మీద చేయి గోడ మీదే ఉండిపోయింది.

అప్పుడు అమ్మ వచ్చింది. పసుపు కాళ్ళు, వాటి పైన ఎర్రచీర, ఎంతసేపటికో మొదటిసారిగా ఒక మనిషి పూర్తిగా కనిపించింది. పెండ్లికి పెట్టుకున్నట్టు పెద్ద బొట్టు పెట్టుకుంది, కొప్పులో కనకాంబరాలు. చేతిలో పళ్ళెం, రెండు రొట్టెలు, వంకాయ కూర. వంగి గడప మీద పెట్టింది, తగలకుండా.

“తిను. మేమొచ్చేసరికి మధ్యాన్నం దాటుతాది.”

“అమ్మా.”

“ఏంది, నొప్పెక్కువుండాదా?”

“నూలు,” అంది భువన. “అవ్వ గంజి పెట్టిన నూలు. గంజి నీళ్ళల్లో పోతాది. పొద్దున బక్కెట్లో సూసినా.”

అమ్మ చప్పున వెనక్కి తిరిగి వాకిట్లోకి చూసింది. అవ్వ దూరంగా ఉంది, పడవ ముందు భాగానికి ఇంకొకసారి పసుపు రాస్తోంది. అమ్మ వంగి, గొంతు బాగా తగ్గించి, నవ్వింది. చిన్న నవ్వు, ఇద్దరి మధ్య దాచుకునే నవ్వు.

“నాకు తెలుసు. మీ నాయనకూ తెలుసు. పైవరసకే గదా పెట్టినారు. ఆడికి నీళ్ళెక్కవు. ముసలామె అంత ఆశగా జేస్తే వద్దనేదానికి ఆయనకు నోరు రాల్యా. ఆ మాట మళ్ళా ఎత్తొద్దు, ఆమె చెవిన బడితే బతకదు.”

“పైది కాదు…”

“నాకేం భయం ల్యాదులే,” అంది అమ్మ, అడగని ప్రశ్నకు. చేయి భువన తల వైపు వచ్చింది, గుర్తొచ్చి మధ్యలోనే ఆగింది. గాజులు మోగాయి. “మీ నాయన జేసింది. నాకోసరమే జేసినాడు, తెల్దనుకున్యాడు.” ఆ మాట అంటున్నప్పుడు అమ్మ ముఖం భువన ఎన్నడూ చూడని ముఖంలా ఉంది, వయసు తక్కువైనట్టు, కాస్త సిగ్గుపడినట్టు. ఆ ముఖం చూసి భువన నోటిలో మాట మళ్ళీ పళ్ళ దగ్గర తట్టుకుంది. ఒక్క ఊపిరి సేపు. అంతే తట్టుకుంది.

“మహదేవీ!” అని నాయన కేక వేశాడు, పదిమందిలో అమ్మను పేరు పెట్టి పిలవడం భువన అదే మొదటిసారి వినడం. “ఎత్తుతాండాం. రా!” మగవాళ్ళు అందరూ ఒక్క గొంతుతో హుప్ అన్నారు. ఇటుకలు దొర్లిన చప్పుడు. పడవ వాకిట్లోంచి లేచి, వాళ్ళ భుజాల మీద ఇటు తిరిగింది, నూలు గది ముందు నుంచే పోవాలి, వేరే దారి లేదు.

“లోపలికి జరుగు మే, పడవ ఈడనుంచే పోతాది, నువ్వు ఎదురు రాగూడదు,” అంటూ అమ్మ తలుపు రెక్క పట్టుకుంది.

“అమ్మా, పైది కాదు, నేను కూరింది, అడుగున, నీ పీట కింద…” అంది భువన. అంది, నిజంగానే అంది, బతుకులో ఎప్పుడూ అననంత గట్టిగా అంది, కాని అదే క్షణాన మామ ట్రాక్టరు ఇంజను మొదలై వాకిలంతా దడదడలాడింది. అమ్మ భువన పెదవుల కదలిక చూసి, ఏదో మంచిమాట అనుకుని తల ఊపింది, రెండో చేత్తో కొప్పులో పూలు సర్దుకుంటూ, తలుపు మూసింది.